అమ్మ అడిగిన ఆమెన్

మా ఇంట్లో ప్రార్థన చేసినవాళ్లు తమ ప్రార్థనకు తామే ఆమెన్ చెప్పుకోరు. పక్కనున్నవాళ్లు చెప్పాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. గుడిలో అందరూ కలిసే చెబుతారు కదా అంటే, గుడి సంగతి గుడిది, ఇంటి సంగతి ఇంటిది అనేది అమ్మ. ఒకరు అడిగితే ఇంకొకరు ఒప్పుకోవాలి, అప్పుడే ఆ మాట గడప దాటి పైకి పోతుందని ఆమె నమ్మకం. చిన్నప్పుడు నాకు ఇది మంచి ఆయుధం. అక్క మీద కోపంగా ఉన్న రోజు ఆమెన్ వంతు నాదైతే, పెదవులు బిగించుకుని కూర్చునేదాన్ని. పరీక్ష పాస్ చేయమని అడిగిన అక్క ఒక కన్ను తెరిచి నావైపు ఉరిమి చూసేది. నేను నోరు తెరిచేదాకా అమ్మ కంచాలు వేసేది కాదు. ఆకలి వేసి చివరికి దిగివచ్చేది నేనే.

అమ్మ పుంగనూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. చదువు తక్కువ. అయినా ప్రార్థనకు కూర్చుంటే మాత్రం పాతకాలపు పంతులమ్మలా మాట్లాడేది. "ప్రభువా, నీ దాసురాలి మొర ఆలకించుము" అని ఎత్తుకుంటే, ఇందాక కొళాయి దగ్గర పక్కింటామెతో బిందె కోసం గొడవపడ్డ మనిషి ఈమేనా అనిపించేది. పోయిన ఏడాది ఆమె స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. గుండె తట్టుకోదు, ఆపరేషన్ వద్దన్నారు డాక్టర్లు. అప్పటి నుంచి తమ్ముడింట్లో, ముందుగదిలో కిటికీ పక్కన మంచమే ఆమె లోకం.

మంచాన పడ్డాక ఆమె ప్రార్థన మారిపోయింది. దాసురాలు పోయింది, ఆలకించుము పోయింది. సాయంత్రం అందరం మంచం చుట్టూ కూర్చుంటే, "నాయనా, సాలు నాకు. ఈపంతా పుండైపోయుండాది. తీస్కోని పో నాయనా," అనేది. అంతే, ఇంకే మాటా లేదు. అని, కళ్లు తెరవకుండా ఎదురుచూసేది.

ఎవరమూ ఆమెన్ అనేవాళ్లం కాదు. తమ్ముడు గబుక్కున గొంతు సవరించుకుని పాట ఎత్తుకునేవాడు. మరదలు పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తేది. పొయ్యి వెలిగించకుండానే పాలు పొంగే ఇల్లు అది. నేను అమ్మ కాళ్ల మీద దుప్పటి సర్దేదాన్ని, సర్దిన దుప్పటినే మళ్లీ సర్దేదాన్ని. కాసేపటికి అమ్మ కళ్లు తెరిచి గోడవైపు చూసేది. ఆమె అడిగింది అడిగినట్టే ఆ గదిలో ఉండిపోయేది.

నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సుని. పోతున్న ప్రాణాల దగ్గర నిలబడటం నాకు కొత్త కాదు. ఎవరో ముసలాయన మంచం దగ్గర ఆయన భార్య, "ఇంక బాధ పెట్టద్దు సామీ" అని ఏడిస్తే, ఆమె ఏ దేవుణ్ణి పిలుస్తోందో కూడా చూడకుండా నేను మనసులో ఆమెన్ అనేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. పరాయివాళ్లకు అంత సులువుగా వచ్చిన మాట కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి పెదవి దాటలేదు. పలికితే నిజమైపోతుందని భయం. అంతకంటే, నా మాట వల్లే నిజమైందని తర్వాత బతికినంతకాలం అనుకోవాల్సి వస్తుందేమోనని భయం.

శనివారం డ్యూటీ దిగి పుంగనూరు బస్సెక్కేదాన్ని. కిటికీ పక్కన సీటు దొరికితే అదే నా గుడి. టమాటా పెట్టెల లారీలు ఒకటొకటిగా ఎదురొచ్చేవి, పొలాల మీద సన్నటి మంచు ఇంకా విడవకుండా ఉండేది, రాత్రి డ్యూటీ నిద్ర కళ్ల మీదికి వచ్చేది. ఆ మగతలో దేవుడితో మాట్లాడేదాన్ని. మాట్లాడటమంటే పోట్లాటే. "అమ్మేమో తీసుకుపొమ్మంటోంది. అక్కేమో లేపి నడిపించమంటోంది. నీకు రెండూ వినపడుతున్నాయి కదా, ఏదో ఒకటి నాకు చెప్పొచ్చు కదా," అనేదాన్ని. జవాబు వచ్చేది కాదు. ఇంజను మోత, వెనక సీట్లో ఎవరో సెల్లులో మాట్లాడుకోవడం, తల వెళ్లి కిటికీ ఊచకు కొట్టుకోవడం. బస్టాండులో దిగేటప్పుడు ప్రార్థన చేశానో కునుకు తీశానో నాకే తెలిసేది కాదు.

ఒక శనివారం అమ్మ వీపు పుండుకు కట్టు మారుస్తుంటే, దిండులో ముఖం పెట్టుకునే అడిగింది.

"నువ్వన్నా చెప్పు మ్మే."

"ఏం చెప్పాలమ్మా?"

"ఆమెన్ చెప్పు. తెలిసే అడగతాండాను. నాకు మతి పోలేదు."

"అక్కని ఒక మాట అడిగి చెప్తాలేమ్మా," అన్నాను. అంత తెలివితక్కువ మాట నేనెప్పుడూ అనలేదు.

"దాన్నడిగితే అది నన్ను నూరేండ్లు ఈన్నే పండబెడతాది," అంది అమ్మ. నవ్వొచ్చింది నాకు. ఆమె కూడా నవ్వబోయింది గానీ నొప్పి అడ్డం వచ్చింది.

అయినా సరే, అక్కను అడగడానికే ఒక శుక్రవారం సెలవు పెట్టి కుప్పం పోయాను. అక్క అక్కడ అంగన్‌వాడీ టీచరు. ప్రతి శుక్రవారం వాళ్లింట్లో ఉపవాస ప్రార్థన. రామకుప్పం వైపు పల్లెల నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. చాపల మీద కూర్చుని ఒక్కొక్కరు తమ విన్నపం చెప్పారు. ఏనుగులు రాగి చేలో దిగకుండా ఉండాలని ఒకామె. రోజూ బెంగళూరు రైలుకు పోయి వచ్చే కొడుకు ఉద్యోగం నిలబడాలని ఒకామె. అక్క లేచి నిలబడి, "మా అమ్మ లేసి నడవాల," అంది. గది గదంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. చాపలు అదిరాయి. నాకు అసూయ వేసింది. అక్క కోరికకు ఇన్ని నోళ్లు ఉన్నాయి, అమ్మ కోరికకు ఒక్కటీ లేదు.

తర్వాత కనిపెట్టు ప్రార్థన. ఎవరూ మాట్లాడకూడదు, పాట లేదు, కళ్లు మూసుకుని దేవుడి స్వరం కోసం కాచుకుని ఉండాలి. చివర్లో ఎవరికి ఏం వినిపించిందో చెప్పాలి. నేను నిజంగానే కాచుకున్నాను. పక్కింట్లో కుక్కరు కూత వేసింది. ఎక్కడో రాయి కోసే మిషను గుంయ్‌మంటోంది. ఆ మోత సన్నబడి, సన్నబడి, నేను పుంగనూరు బస్టాండులో నిలబడి ఉన్నాను. ఎండా లేదు, మబ్బూ లేదు, ఏ పొద్దో తెలియదు. అమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. హాస్టలు రోజుల్లోని నీలం చీర, ఒళ్లో గుడ్డసంచి. ఇంజను ఆడుతూనే ఉంది, బస్సు కదలదు. కండక్టరు మెట్టు మీద నిలబడి నావైపు చూస్తున్నాడు. "రైట్ చెప్పమ్మా," అంటున్నాడు. నేను కింద నిలబడినదాన్ని, నేనెందుకు చెప్పాలి అనుకుంటున్నాను. అమ్మ నావైపు చూడటం లేదు. రోడ్డువైపే చూస్తోంది, ముఖంలో విసుగు కూడా లేదు.

అక్క భుజం తట్టింది. నా వంతు వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పాను.

"అమ్మ లేసి, బస్సెక్కి, కుప్పానికే వస్తాదన్నమాట! స్తోత్రం!" అంది అక్క. ఆడవాళ్లందరూ మళ్లీ ఆమెన్. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు ఆపుకోవడానికే పెట్టుకున్నాను, ఏడుపు వచ్చింది.

ఉపవాసం విడిచి, సంగటి తిన్న తర్వాత, పెరట్లో గిన్నెలు కడుగుతూ అక్కకు అసలు సంగతి చెప్పాను. అమ్మ ఏం అడుగుతోందో, నన్ను ఏం చెప్పమంటోందో. అక్క చేతిలో గిన్నె ఆగింది.

"నువ్వు నర్సువి. మనుసులు పోవడం నీకు అలవాటైపోయుండాది. నాకు కాలేదు," అంది.

"అమ్మ ఈపు సూసినావా నువ్వు?"

"సూడను. సూస్తే నేను కూడా నీ మాదిరే అయిపోతాను." గిన్నె మళ్లీ తోముతూ, "ఆ మాట నీ నోట్లోంచి వస్తే నువ్వే పంపించినట్టు. ఇంక నా గడప తొక్కద్దు," అంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం ఇంట్లో అమ్మా నేనే ఉన్నాం. తమ్ముడూ మరదలూ ఇద్దరూ టీచర్లు, వాళ్ల స్కూలు పిల్లల ఆటల పోటీలకు పోయారు. కిటికీ పరదా గాలికి లోపలికి ఉబ్బి, మళ్లీ ఊచలకు అతుక్కుంటోంది. ఎదురింటివాళ్ల పొట్టి ఆవు గేటు దగ్గర నిలబడి కునుకుతోంది. ఊరంతా అన్నం తిని పడుకున్నట్టుంది. అమ్మ నిద్రలోంచి తేలి, "ఎవురు?" అంది.

"నేనేమ్మా."

"ఎవురూ లేరా?"

"లేరు."

సాయంత్రం కాలేదు, ప్రార్థన వేళ కాలేదు, అయినా ఆమె కళ్లు మూసుకుంది. "నాయనా, సాలు నాకు. తీస్కోని పో," అంది. చెయ్యి దుప్పటి మీద పెట్టి ఎదురుచూసింది.

పాట ఎత్తుకోవడానికి తమ్ముడు లేడు. పొంగే పాలు లేవు. నేను చెవులు రిక్కించాను. ఇప్పుడన్నా ఒక్క మాట చెప్పు అని దేవుణ్ణి అడిగాను. అక్క గడప గుర్తొచ్చింది. ఆ వరండాలో ఇంక చెప్పులు విడవలేనేమో అనిపించింది. పైనుంచి ఏమీ వినపడలేదు. ఫ్యాను తిరుగుతోంది. అమ్మ ఊపిరి కష్టంగా పైకెక్కి, దిగుతోంది. ఇన్నాళ్లూ ఏ స్వరమో వినాలని బస్సుల్లోనూ చాపల మీదా తల వంచుకుని కూర్చున్నాను గానీ, నాతో తిన్నగా మాట్లాడుతున్నది ఈ ఒక్క మనిషే అని అప్పుడు తెలిసింది.

"ఆమెన్," అన్నాను.

"ఇనబడలా. గట్టిగా చెప్పు."

"ఆమెన్ అమ్మా."

అమ్మ ముఖం మీద పెద్ద మార్పేమీ రాలేదు. కాఫీ అడిగింది. సగం తాగి నిద్రపోయింది. నేను వంటింట్లో నిలబడి, గోడకు తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత అక్కకు ఫోన్ చేసి, "చెప్పేసినాను," అన్నాను.

"అమ్మ ఏం జేస్తాంది?" అంది అక్క.

"కాఫీ తాగి పండుకోనుండాది."

"సక్కెర బాగా ఏసినావా?"

"ఏసినా."

ఫోన్ పెట్టేసింది. నన్ను రావద్దని మళ్లీ అనలేదు, రమ్మనీ అనలేదు.

అమ్మ వెంటనే పోలేదు. వింత ఏమిటంటే, ఆ రోజు తర్వాత ఆమె తీసుకుపొమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పాల్సినచోట చెప్పేశాం, ఇంక వేరే పనులు చూద్దాం అన్నట్టు మిగతావాళ్లందరి మీదా పడింది. అక్క మోకాళ్లు, మరదలి ట్రాన్స్‌ఫరు, వానలు, ఎప్పుడో హాస్టల్లో తన చేతి అన్నం తిన్న పిల్లలు, ఎదురింటి ఆవు ఈనడం. ఏడాదిగా ఆగిపోయిన విన్నపాలన్నీ ఒక్కటొక్కటే బయటికి వచ్చాయి. తమ్ముడు ఆమెన్ మీద ఆమెన్ చెప్పలేక అలిసిపోయేవాడు.

ఇంకో శనివారం మళ్లీ మేమిద్దరమే మిగిలాం. తల దువ్వి జడ వేస్తున్నాను. వేళ్లకు నాలుగు వెంట్రుకలు కూడా అందడం లేదు. అమ్మ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది. "నాయనా, దీనికి సిన్నప్పట్నించీ బయ్యం. నేను పోయినంక దీని బయ్యం తీసెయ్యి నాయనా," అంది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది, ఎవరి కోసం ప్రార్థన చేస్తారో వాళ్లు తల వంచుకుని ఊరుకోవాలి. ఆమెన్ వేరేవాళ్లు చెప్పాలి. గదిలో వేరేవాళ్లెవరూ లేరు. మొదటిది ఆమె కోసం చెప్పాను, ఆమె పడుతున్న బాధ చూసి చెప్పగలిగాను. ఇది అలా కాదు. దీనికి ఒప్పుకోవడమంటే, ఆమె లేని ఇంట్లో, ఆమె లేని శనివారాల్లో నేను బతికి ఉంటానని ఒప్పుకోవడం.

అమ్మ ఈసారి కళ్లు తెరిచి చూడలేదు, గట్టిగా చెప్పమనీ అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నేను చెప్పేదాకా వదల్లేదు.