గురక ఆగితే

నా భయం కత్తి గురించి కాదు, మత్తు గురించి. ఇంజెక్షన్ ఇచ్చాక లేవకపోతే? తాడేపల్లిగూడెంలో మా పిన్ని నవ్వుతూ ఆపరేషన్‌కి వెళ్లింది, మళ్లీ కళ్లు తెరవలేదు. ఆవిడ చెప్పులు ఇంటికి తెచ్చింది నేనే.

ఏలూరు డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పారు. ఒంటి బరువు నా ఊపిరిని నొక్కేస్తోందట, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోవాలట. సరేనని తలూపి బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఏదో వంక. ఒకసారి జలుబు అన్నాను, ఒకసారి పాపకి పరీక్షలన్నాను. పాప చదివేది ఒకటో తరగతి.

మా ఇల్లు కైకలూరు దగ్గర, రొయ్యల చెరువు గట్టు మీదే. మా ఆయన చెరువుకి కాపలా. నీళ్లలో ఏరేటర్లు తిరుగుతూ గాలి కలుపుతుంటాయి. కరెంటు పోయి అవి ఆగితే రొయ్యలకు ఊపిరాడదు, కాస్త ఆలస్యమైతే చెరువంతా పోతుంది. అందుకే అంత చప్పుడులోనూ హాయిగా నిద్రపోయే మనిషి, చప్పుడు ఆగగానే లేచి జనరేటర్ దగ్గరికి పరిగెడతారు. నా గురక మీదా ఆయనకి జోకులే. "నీ ఏరేటరుకి కరెంటు బిల్లు రాదు, నయం" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వక ఏం చేయను? గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే గొంతు మూసుకుపోయేది, గోడకి ఆనుకునే నిద్ర. ఇలా బతికేకంటే పోతే నయమనిపించేది. మళ్లీ పోతానేమోనని భయమేసేది.

ఇంతలో బడి నుంచి టీచరుగారు ఫోన్ చేశారు. పాప రోజూ క్లాసులో నిద్రపోతోందట, ఇంట్లో పడుకోనివ్వడం లేదా అని అడిగారు. నాకు కోపమొచ్చింది. సాయంత్రం తల దువ్వుతూ పాపని గట్టిగా నిలదీశాను.

"నీ గురక ఆగితే మెలకువొచ్చేస్తదమ్మా. కదుపుతాను. అప్పుడు మళ్లీ వస్తది" అంది.

"రోజూనా?"

"నాన్న లేస్తారు కదా చెరువుకి, అలాగే."

దువ్వెన దాని జుట్టులోనే ఉండిపోయింది. మత్తిస్తే లేవనేమోనని నేను ఇన్నాళ్లూ వణుకుతున్నాను. ఇక్కడ ప్రతి రాత్రీ పోతూనే ఉన్నాను, నా బిడ్డ వెనక్కి లాక్కొస్తోంది. ఆసుపత్రిలోనైతే ఆ కాపలా పెద్దవాళ్లు కాస్తారు.

అమ్మకి ఫోన్ చేసి ఆపరేషన్ సంగతి చెప్పాను. పిన్నిని తలుచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయినా వెళ్తున్నాననే చెప్పాను.

ఆపరేషన్ రోజు కూడా భయం పోలేదు. మాస్కు పెట్టబోతుంటే మత్తు డాక్టరుగారిని అడిగాను.

"నా ఊపిరి ఆగితే మీకు తెలుస్తదాండీ?"

"నేనిక్కడ కూర్చునేదే అందుకమ్మా" అన్నారు.

కళ్లు తెరిచేసరికి పక్కన మా ఆయన ఉన్నారు. ముందు పాప గురించే అడిగాను. ఆ రాత్రి అది తాడేపల్లిగూడెంలో అమ్మ పక్కన పడుకుందట. తెల్లారాక లేపినా లేవకుండా నిద్రపోయిందట.