వదిన పేరు మీద మేమందరం

మొన్న మా కోడలు షాపు ఆఫీసులో కొత్త పోర్టల్ పెట్టిస్తూ, "మామయ్యగారూ, ఈ పాత ఖాతాకి అందరినీ కలిపేశారేంటండీ! ఎవరు ఏం చేసినా ఈవిడ పేరే పడుతోంది, తీసేయనా?" అని నవ్వుతూ అడిగింది. తెర మీద ఉన్నది మా వదిన పేరు. నాకు నవ్వు రాలేదు.

వన్‌టౌన్‌లో చేనేత చీరల టోకు వ్యాపారం అప్పట్లో మా మేనమామది. ఆయన పెద్దకూతురు, నాకు వదిన వరస, ఆఫీసు చూసేది. మా దగ్గర కంప్యూటరు ముందు మొదట కూర్చున్నది ఆమే కాబట్టి, ఆఫీసు కంప్యూటర్లు తెరిచే నెట్‌వర్క్ ఖాతా ఆమె పేరనే తెరిచారు. తరవాత వచ్చిన వాళ్ళందరం ఆ ఖాతాతోనే పని చేసుకునేవాళ్ళం. పాస్‌వర్డు కాగితం మీద రాసి, పొద్దున్నే అగరొత్తి వెలిగించే వెంకన్న పటం కింద ఆమే అంటించింది. ఇంటి తాళంచెవి గూట్లో పెట్టి వెళ్ళినట్టే అనుకున్నాం గాని, అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్ళకి సరుకు రాకపోకలు ఎక్కించే మొదటి పోర్టల్ వచ్చాక, మనిషికో వెబ్‌సైట్ లాగిన్ ఇచ్చారు. ఒక్కొక్క లాగిన్‌ని ఆ మనిషి సొంత నెట్‌వర్క్ ఖాతాకి జతచేయమని చెప్పి, ఆ పని నాకు అప్పగించారు. అందరికీ కొత్త ఖాతాలు తెరవడానికి బద్ధకించి, అందరినీ వదిన ఖాతాకే కలిపేశాను. పని సాగిపోతోంది కదా అనుకున్నాను.

శ్రావణమాసం హడావుడిలో ఒకరోజు, ఎవరివో రంగు దిగిన చీరలు తిప్పిపంపబోయి, పక్క వరసలో ఉన్న పెడన నేతగాడి సరుకు మీద తిరస్కరణ నొక్కేశాను. చూసుకోలేదు. వ్యాన్ ఆ చీరలనే తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో దించింది. మర్నాడు ఆయన మూట విప్పకుండానే భుజాన వేసుకొచ్చి వదిన ముందు పెట్టాడు.

"ఏం తల్లీ, మా నేతలో అంత లోపం ఏం కనబడింది? నాతో ఓ మాట చెప్తే సరిపోయేది కదా."

"నేను పంపలేదు బాబాయ్. నిన్న నేను ఉయ్యూరులో పెళ్ళిలో ఉన్నా."

మామయ్య తెర చూపించాడు. "పేరు నీదేగా! ఊళ్ళో లేకపోతే మరెవరు నొక్కారే? పాస్‌వర్డు గోడకి అంటించి ఊరందరికీ పంచిపెట్టమన్నానా?"

వదిన మా అందరి వంకా చూసింది. నేను ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతూ నిలబడ్డాను. నేనే నొక్కానని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆ నెలాఖరుకి మామయ్య ఆమెను ఇంటిపట్టున ఉండమన్నాడు, ఆమె కుర్చీ నాకిచ్చాడు. నేతగాళ్ళు చాలాకాలం నన్ను చూసి, "అమ్మ లేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయేవారు. ఆ పెడన ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు.

వదిన ఇప్పుడు గుణదలలో ఉంటోంది. వెళ్ళినప్పుడల్లా కాఫీ ఇచ్చి, ఎవరి మగ్గం నడుస్తోంది, ఎవరిది ఆగిపోయింది అని అడుగుతుంది. ఆ రోజు సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తదు. ఆమె ఎత్తకపోవడమే నాకు ఆసరా అయింది, ఇన్నేళ్ళూ.

కోడలికి అంతా చెప్పి, ఆ ఒక్క తిరస్కరణా నా పేరుకి మార్చమన్నాను. "పాతవి మారవండీ మామయ్యగారూ," అంది మెల్లగా. తరవాత ఎవరి లాగిన్‌ని వాళ్ళ ఖాతాకే కలిపింది. ఇప్పుడు ఎవరు చేసిన పని వాళ్ళ పేరు మీదే పడుతుంది, ఎవరి పాస్‌వర్డు వాళ్ళ మనసులోనే ఉంటుంది. మంచిదే. కాని పటం కింద గోడ మీద ఆ కాగితం ఊడిన మరక చూస్తే, మమ్మల్ని అంతగా నమ్మిన మనిషి మళ్ళీ ఈ గదిలోకి రాదు కదా అనిపించింది.

పోర్టల్లో మారకపోయినా, ఆ తప్పు నాదేనన్న మాట ఆమె చెవినైనా పడాలి. గుణదల ఇక్కడికి దూరమేమీ కాదు. ఎప్పుడూ కాలేదు.