కొమురమ్మ కుడికాలు

మనిషి నడక చూస్తే చాలు, నొప్పి ఎక్కడుందో చెప్పగలనని రెబెక్కాకు ఒక నమ్మకం ఉండేది. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, పెళ్లయ్యాక మదీనాగూడలో కాపురం పెట్టి, మాదాపూర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో చేరి అప్పటికి ఐదేళ్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ల ముందు కూర్చుని మెడలు పట్టేసినవాళ్లు, ఆదివారం క్రికెట్ ఆడి సోమవారం మోకాలు పట్టుకుని వచ్చేవాళ్లు. బుధవారం మాత్రం చుట్టుపక్కల ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లను ఉచితంగా చూసేవారు. కొమురమ్మ అలా వచ్చిన మనిషే.

అది రెండువేల పదకొండు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు డిపోలు దాటడం లేదు. కొమురమ్మ భర్త లింగయ్య డిపోలో బస్సులు బాగుచేసేవాడు, అతనూ సమ్మెలో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆమె సంపాదన మీదే. అందుకని నడుము పట్టేసినా బోరబండ నుంచి మాదాపూర్‌కు నడిచి వచ్చేది. నిండు బకెట్లు మోసి, మూడంతస్తులు తుడిచి, మళ్లీ నడిచే పోయేది.

ఆ బుధవారం రెబెక్కాకు ఆలస్యమైంది. కొండాపూర్ దగ్గర నలుగురు యువకులు ఆమె ఆటోను ఆపి, "జై తెలంగాణ అనుండ్రి మేడమ్, పోనిస్తం" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆమె అంది. అన్నాక చిరాకేసింది, భయమూ వేసింది. ఆ చిరాకు, ఆ భయం పోకముందే క్లినిక్‌లో అడుగు పెడితే బల్ల మీద తొమ్మిదిమంది ఎదురుచూస్తున్నారు.

"చెప్పండమ్మా, ఏమిటి బాధ?"

"నడుములకెళ్లి పిక్క దాంక గుంజుతుంది మేడమ్, పది దినాలాయె. ఇగ గీ కుడికాలు చెప్పు ఊకె జారిపోతుంది. తొవ్వల యాడ పడ్డదో గూడ ఎర్కయితలేదు" అంది కొమురమ్మ.

రెబెక్కా రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తలేదు. "వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కోండమ్మా" అంది.

బల్ల మీదివాళ్లు నవ్వారు. కొమురమ్మ కూడా సిగ్గుపడుతూ నవ్వింది. నడుమునొప్పి అన్న ప్రతివాళ్లకూ ఇచ్చే బొమ్మల కాగితమే ఆమెకూ ఇచ్చి పంపింది రెబెక్కా. మోకాళ్లు ఛాతీకి లాక్కోవడం, వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, పొద్దునా సాయంత్రం పదేసిసార్లు.

తర్వాతి బుధవారం కొమురమ్మ రాలేదు. ఆ పైవారం ఆమెతో పనిచేసే నర్సమ్మ వచ్చి చెప్పింది. "కొమురమ్మ పాదం పడిపోయింది మేడమ్, దవాఖానల చేర్పిచ్చిండ్రు. నడుముకు ఆపరేషన్ అంటున్నరు. మీరు చెప్పిన కసరత్తు ఒక్క పూట ఇడిసిపెట్టలె. నొప్పి జాస్తయినా, మేడమ్ చెప్పింది గదా అని చేసింది."

రెబెక్కాకు అప్పుడు చెప్పు జారిపోతోందన్న ఆ మాట గుర్తొచ్చింది.

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ల పక్కకు జరిగి నరాన్ని నొక్కితే పాదాన్ని పైకెత్తే బలం పోతుంది. పాదం మొద్దుబారి చెప్పు జారిందీ తెలియదు. కాలేజీలో నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటది. "మడమల మీద నాలుగడుగులు వేయండమ్మా" అంటే నిమిషంలో బయటపడేది. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాల్సిన మనిషిని ఆమె ఇంటికి పంపింది. పైగా వంగమని చెప్పింది.

భర్త నతానియేల్ ఓదార్చాడు. "బిళ్ల అంతకుముందే జరిగి ఉంటుంది. అంతంత దూరం నడిచి ముదరబెట్టుకుంది. నువ్వేం చేస్తావు? ఈ సంగతి ఎవరితోనూ అనకు."

ఆ ఓదార్పు ఆమెకు పనికిరాలేదు. 'ఆ రోజు నన్ను కలచివేసింది ఆటో ఆపిన కుర్రాళ్లు. వాళ్ల యాసలోనే మాట్లాడినందుకేనా కొమురమ్మ మాట నా చెవికెక్కలేదు?' ఈ ప్రశ్న ఎన్నిసార్లో తనకు తానే వేసుకుంది. కాదని గట్టిగా అనుకోలేకపోవడమే ఆమెను తినేసింది.

ఆపరేషన్ అయి కొమురమ్మ ఇంటికొచ్చాక రెబెక్కా బోరబండ వెళ్లింది. నిజం చెప్పేద్దామనే వెళ్లింది. లింగయ్య కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. ఆమె చెప్పలేకపోయింది. పాదానికి కసరత్తు నేర్పి, వారంవారం వస్తానని లేచింది. అలా నాలుగు వారాలు చాయ్ తాగింది.

నాలుగో వారం లింగయ్య అన్నాడు. "ఆంధ్రోళ్లు, ఆంధ్రోళ్లు అని మేం అంటం గని మేడమ్, మీరు తోడబుట్టినట్టే వస్తున్నరు."

ఇక ఆమె వల్ల కాలేదు. "అలా అనకండి లింగయ్య గారూ. చెప్పు జారిపోతోందని ఆ రోజు ఈవిడ నాతో చెప్పింది. నరం దెబ్బతింటోందనడానికి అది గుర్తు. నేను పట్టించుకోలేదు. వంగకూడని మనిషిని వంగమన్నాను. తప్పు నాదండి."

లింగయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. కొమురమ్మ మాత్రం ఆమె మొహంలోకే చూస్తూ అడిగింది.

"నేను చెప్పిన్నా?"

"చెప్పారు."

"మరి అందరు నవ్విండ్రు గద."

"నా మాటకే నవ్వారు."

"గిన్ని దినాలు నన్ను నేనే తిట్టుకున్న మేడమ్. కసరత్తు సక్కగ చెయ్యరాలె, అందుకే కాలు పోయిందనుకున్న." కొమురమ్మ కాలు వెనక్కి లాక్కుంది. "ఇయ్యాలటికి పో."

పై వారం రెబెక్కా కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. తలుపు తీసే ఉంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. కొమురమ్మ పాదం ముందుకు చాపి గోడవైపు తిరిగింది. చాయ్ రాలేదు. రెండు నెలలు అలాగే సాగింది. పాదాన్ని పైకెత్తించడం, మడమ నేల మీద ఆనించి వేళ్లు లేపించడం, గోడ పట్టుకుని నడిపించడం. బరువెత్తాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్లు వంచాలనీ, బకెట్ సగమే నింపి ఒంటికి దగ్గరగా పట్టుకోవాలనీ చెప్పేది. కొమురమ్మ వినేది, చేసేది, మాట్లాడేది కాదు.

ఒకరోజు ఉన్నట్టుండి అంది. "నర్సమ్మకు గూడ నడుము గుంజుతుందట. నన్ను అడిగినట్టు అడుగకు. మొకం జూసి అడుగు."

రెబెక్కా తలూపింది. క్లినిక్ యజమాని విశ్వేశ్వరరావు వద్దంటున్నా జరిగిందంతా కొమురమ్మ ఫైల్లో తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది. బొమ్మల కాగితాలు చించేసింది. బుధవారం వచ్చిన ప్రతి ఒక్కరినీ కాలు తిమ్మిరెక్కుతోందా, మూత్రానికి ఇబ్బందిగా ఉందా, పాదం ఎత్తగలుగుతున్నారా అని కళ్లలోకి చూస్తూ అడిగేది. అర్థంకాని మాట వస్తే, "అంటే ఎలాగమ్మా, నాకు చూపించండి" అనేది. వెంటనే డాక్టరును చూడాల్సినవాళ్లు ఆ ఏడాది ఇద్దరు తేలారు. ఇద్దరూ సకాలంలో వెళ్లారు. అది కొంత ఊరటే. అయినా ఆ ఇద్దరిని చూసినప్పుడల్లా తాను పంపని మూడో మనిషే గుర్తొచ్చేది.

వేసవికి కొమురమ్మ మళ్లీ పనిలోకి వెళ్లింది. నేల తుడవడం కాకుండా కాఫీ, టీ అందించే పని ఇచ్చారు ఆఫీసువాళ్లు. పాదం ముప్పాతిక వంతు లేస్తోంది. అలసిన పూట ఇప్పటికీ నేలకు రాసుకుంటుంది. ఇక రానక్కర్లేదని కొమురమ్మే చెప్పింది. జరిగినదానికి పరవాలేదని మాత్రం ఆమె అనలేదు. అనమని రెబెక్కా అడగలేదు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం, వేరే పని మీద వచ్చి తిరిగి వెళ్తున్న రెబెక్కాకు బోరబండ స్టేషన్ మెట్ల మీద తనకన్నా ముందు ఎక్కుతున్న కొమురమ్మ కనిపించింది. నాలుగో మెట్టు దగ్గర ఆగింది. కమ్మీ పట్టుకుని కుడికాలు పైకి పెట్టుకుంది. వెనకవాళ్లు తోసుకుంటుంటే పక్కకు ఒదిగి, మళ్లీ ఎక్కింది. ఆమె పూర్తిగా పైకి చేరేవరకూ రెబెక్కా కిందే నిలబడి, తాను ఎక్కాల్సిన రైలును పోనిచ్చింది.