చంద్రికలో రెండేసి పురుగులు

నా చిన్నప్పుడు ఇంగ్లీషు నోటుబుక్కులో ప్రతి కొత్త మాటకూ మూడు గళ్లు గీసుకునేవాణ్ణి: మాట, అర్థం, వాక్యం. ఐదో తరగతిలో ఒకరోజు ‘స్కాటర్’ అనే మాట వచ్చింది. ‘చెల్లాచెదురు చేయు’ అని అర్థం రాసుకున్నాను. గైడులోని ఉదాహరణలన్నీ ఒకే తీరు. రాయి విసిరితే పిట్టలు చెదిరాయి, గాలికి కాగితాలు చెదిరాయి. ఆ వారమే మా చిన్నాయన ధర్మవరంలో మగ్గం పని కుదుర్చుకున్నాడు. ఆయనతో పాటు ఆయన కొడుకు, నాతో ఒకే కంచంలో తిన్న తమ్ముడూ వెళ్లిపోతాడు. మూడో గడిలో ‘మా ఇల్లు చెదిరిపోయింది’ అని రాసి పుస్తకం మూసేశాను.

మాది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. వాళ్లు బయల్దేరే ముందురోజే పురుగులు పండాయి, అంటే గూడు కట్టే దశకొచ్చాయి. పండిన వాటిని ఏరి చంద్రికల్లో వేయాలి. చంద్రిక అంటే చుట్లు చుట్లుగా వెదురు పట్టీ కట్టిన చాప. ఆ చుట్ల సందుల్లో పురుగులు గూళ్లు కట్టుకుంటాయి. అవ్వ నాకూ ఒక చంద్రిక అప్పగించింది. ఒక్కటే ఉంటే పాపం దానికి తోచదని, నేను రెండేసి పురుగుల్ని పక్కపక్కన ఆనించి పెట్టాను.

అవ్వ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఏంరా, వీటికేమన్నా పెండ్లి చేస్తాండావా, జతలు కట్టినావు?”

ఏడుస్తూ కారణం చెప్పాను. ఈసారి అవ్వ ఎగతాళి చేయలేదు. పక్కన కూర్చుని జంటల్ని విడదీసి, పురుగుల్ని చాపంతా పలచగా చల్లింది. ఉలవలు చల్లిన చెయ్యి అది. ఒకటి ఇంకోదాని మీద పడలేదు.

“రెండూ కలిసి ఒగే గూడు కడితే దారాలు చిక్కుపడతాయి. ఏదీ పనికిరాదు. దేని చోటు దానికియ్యల్ల. అయినా యాడికి పోయినాయిరా అవి? ఒగే చాప మీదనే కదా ఉండేది!”

మరునాడు బస్సు కదిలేటప్పుడు ఏడ్చాను. నా ఏడుపును అవ్వ కూడా ఆపలేకపోయింది. ఇంటికొచ్చి మాత్రం మూడో గడిలోని వాక్యం కొట్టేసి, ‘మా అవ్వ పురుగుల్ని చల్లింది’ అని ఇంగ్లీషులో రాశాను. ‘చల్లింది’ అనడానికీ ఆ ‘స్కాటర్’ మాటే సరిపోయింది. టీచరు టిక్కు పెట్టారు.

ఇప్పుడు నేను హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరును. తమ్ముడు ధర్మవరంలో చీరలకు డిజైన్లు గీస్తాడు. మధ్యదారిలో పెనుకొండ బస్టాండులో కలిసి టీ తాగుతుంటాం. ఎవరైనా వెళ్లిపోతున్నారని తెలిస్తే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ వెంటనే, చాప ఎంత దూరం పరిచి ఉందో చూసుకుంటాను.