ఉడుత కోసం చిన్నాయన గుట్ట దిగిన రోజు

ఆ రోజుల్లో మా పాన్‌గల్ దిక్కు ఆడపిల్ల గుట్ట ఎక్కిందంటే రెండే కారణాలుండేవి: మేక తప్పిపోయి ఉండాలి, లేదంటే సీతాఫలాలు పండి ఉండాలి. ఏ కారణమూ లేకుండా ఎక్కేది మా ఉడుత ఒక్కతే. ఉడుత అంటే మా చిన్నాయన కూతురు, నాకన్నా ఏడాది చిన్నది. ఊళ్లో సెల్‌ఫోన్ సర్పంచ్ దగ్గర మాత్రమే ఉన్న కాలం. ఇద్దరం వనపర్తిలో డిగ్రీ చదివేవాళ్లం. బస్సులో కిటికీ పక్క సీటు పట్టడమే నాకు పెద్ద సాహసం. అది మాత్రం ఎన్.సి.సి.లో చేరి, ఒక క్యాంపులో తాడు పట్టుకుని నిలువు బండ మీంచి దిగడం నేర్చుకొచ్చింది. ఇక దానికి నేల మీద నడవడం చప్పగా అనిపించింది. (మిద్దె మీంచి మెట్ల మీదుగా దిగడమే మానేసింది. చిన్నమ్మ తలుపు తీస్తే ఎదురుగా రెండు కాళ్లు వేలాడేవి.)

అట్లాంటి దానికి ఉత్తరాదిన మంచు కొండలెక్కే శిక్షణకు పిలుపొచ్చింది. చిన్నాయన ఒప్పుకోవాలి. ఆయన పల్లి చేను, ఎద్దులు తప్ప వేరే లోకం తెలియని మనిషి. "గా మంచుల నీకేం పని బిడ్డా?" అన్నాడు. "జర ఒక్కసారి నేను దిగంగ చూడు నాయనా. చూసినంక వద్దంటె పోను," అంది ఉడుత.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురం గుట్ట ఎక్కాం. ఎన్.సి.సి. సారును బతిమాలి తెచ్చిన తాళ్లను ఉడుత పైన బండలకు కట్టి, నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, ఇనుప కొక్కెం తగిలించుకుంది. కింద సగం ఊరు చేరింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది కింద నిలబడి చేతులూపుతోంది. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. "నా బిడ్డ ఏం దిగింది! పోనీ, పోయిరానీ!" అని ఊరంతటికీ వినబడేట్టు అరిచాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేదో! సంతోషం పట్టలేక, "నేను గూడ దిగి చూస్త," అన్నాడు. పైకొచ్చిన ఉడుత వద్దంటే వినలేదు. "పంచెతోని ఎట్ల నాయనా? ప్యాంటు ఏస్కో," అంటే, "నా పెండ్లికే ఏస్కోలె," అన్నాడు.

ఉడుత ఇంకో జత పట్టీలు బిగించి తాడు తగిలిస్తే, సగం దాకా బాగానే దిగాడు. అక్కడ పంచె కొక్కెంలో ఇరుక్కుంది. ఇక పైకి రాడు, కిందికి పోడు. ఒకసారి బండను, ఒకసారి ఊరిని చూస్తూ గాలికి మెల్లగా తిరుగుతున్నాడు. "అన్నా, ఆడికెళ్లి వాన ఏమన్న కనవడుతుందా?" అని కింది నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. (నాకూ ఆగలేదు.) నవ్వనిది ఉడుత ఒక్కతే. ఇంకో తాడు మీద ఆయన పక్కకు దిగి, "కింద చూడకు నాయనా, నన్నే చూడు," అంటూ చాకుతో పంచె కోసేసి, చారల లాగుతోనే ఆయన్ని భద్రంగా నేలకు చేర్చింది.

మరుసటి పొద్దున చిన్నాయన మాట మార్చాడు. ఊరు నవ్వినందుకే అనుకున్నాం. కాదట. "నవ్వితె నవ్వనీ. ఆడ యాలాడేటప్పుడు నేను కిందికి చూసిన బిడ్డా. ఆడ నువ్వే పడివున్నట్టు కనవడ్డది. నాతోని కాదు. పోకు," అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అరిచే తండ్రి అయితే ఉడుత గెలిచేదే. ఏడ్చే తండ్రితో ఎట్లా కొట్లాడుతుంది? తాళ్లు చుట్ట చుట్టి సారుకు ఇచ్చొచ్చింది. ఆ శిక్షణకు వేరే పిల్ల పోయింది.

ఉడుత ఇప్పుడు గద్వాల దవాఖానలో నర్సు. చివరి రోజుల్లో చిన్నాయన దాని ఇంట్లోనే మంచంలో ఉండి, "నిన్ను పంపిస్తె మంచిగుంటుండె బిడ్డా," అని ఒకటే అనేవాడు. అది మందు తాగిస్తూ, "ఏం కాదు తీ నాయనా, గక్కడ సలి ఎక్కువ," అనేది.

మొన్న ఇద్దరం అమ్రాబాద్ అడవి దిక్కు పోయాం. లోయ అంచున కమ్మీని రెండు చేతులా పట్టుకుని నేను నిలబడితే, అది ఎదుటి నిలువు బండను పైనుంచి కిందిదాకా చూస్తోంది. "ఏం చూస్తున్నవే?" అన్నాను. "మొదలు కాలు ఏడ పెట్టాల్నో చూస్తున్న," అంది.

నవ్వొచ్చింది. "పా, దిగుదాం" అనబోయి, నొప్పులకు పట్టీలు కట్టిన నా మోకాళ్లను ఒకసారి చూసుకుని, "పా, చాయ్ తాగుదాం," అన్నాను.