మార్చిలో రాని పిట్ట

ఖాదర్‌బీ గడ్డిని నడుమ నుంచి కోసేది. లోకమంతా గట్టు దగ్గర మొదలుపెట్టి లోపలికి పోతుంటే, ఈమె మాత్రం నడుమెత్తు గడ్డిని చేతులతో పాపిట తీసినట్టు తీసుకుంటూ చేను నట్టనడుమకు పోయేది. అక్కడ కూర్చుని, చుట్టూ తిరుగుతూ అంచులకు వచ్చేది. పక్క చేను మాదే. మొదటిసారి చూసినప్పుడు ఈమెకు తిక్క ఉందనుకున్నాను. ఆ మాట మొహం మీదే అడిగాను.

"అంచుల నుంచి కోస్తే లోపటున్నయి ఏడికి పోతయక్కా? నడుమల చిక్కి సస్తయి. గిట్ల కోస్తే పిల్లల్ని ఏసుకొని బయటికి ఎల్లిపోతయి," అన్నది.

లోపల ఉన్నవి నేలనెమళ్లు. కోడంత పిట్ట. ఆషాఢంలో నాలుగు వానలు పడి గడ్డి లేచాక ఎక్కడి నుంచో వచ్చేవి. పోతుపిట్ట గడ్డిలోంచి నిలువునా మనిషెత్తు ఎగిరి, కప్పలా ఒక్క అరుపు అరిచి, మళ్లీ అక్కడే పడేది. పొద్దున మొదలుపెడితే లెక్కలేనన్ని సార్లు. పెట్ట మెప్పు కోసం ఆ తిప్పలన్నీ. దసరా దాటి పిల్లలు ఎగరడం నేర్చాక వెళ్లిపోయేవి. ఆలస్యంగా పొదిగినవి ఒకటి రెండు మిగిలేవి, నడుమ కోత వాటి కోసమే. దసరా దాకా ఖాదర్‌బీ కొడవలి ముట్టేది కాదు. జడ్చర్ల టాంగావాళ్లు గడ్డి మోపుల కోసం ఎంత మొత్తుకున్నా సరే.

ఆమె మగడు రజాక్ కూడా టాంగావాడే. ఎనభై ఒకటిలో జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. టాంగా అడ్డా పక్కన, రోడ్డు మీదికి ఒంటిగది అర్ర, గుర్రం కొట్టం. అవి అత్త హుస్సేన్ బీ బతికుండగానే కోడలి పేర రాసిచ్చింది. ఊరి బయట నాలుగెకరాల గడ్డిచేనులో ఈమెది సగం, మరిది మెహమూద్‌ది సగం. తన సగం సంగతి మెహమూద్‌కు ఎనభై ఏడు దాకా గుర్తే లేదు. రోడ్డు పనికి మొరం తవ్వే కాంట్రాక్టరు వచ్చి గుర్తు చేశాడు.

"భాబీ, గడ్డి తప్ప ఏం మొలవని జాగా. నా రెండెకరాలు అమ్ముకొని దుకాణం పెట్టుకుంట."

"నువ్వు మొరం తవ్విస్తే నా సగం గూడ గుంతలకు జారుతది. పిట్ట మళ్ల రాదు."

"పిట్టకు ఫికర్ చేస్తవు గని మరిదికి చెయ్యవు!"

"పిట్ట ఏడాదికొక్కసారన్న వస్తది. మీ అన్న పోయినంక నువ్వు ఇయ్యాలే గద వచ్చుడు?"

మెహమూద్ తల గీరుకున్నాడు. వచ్చే ఎండాకాలం దాకా ఆగుతానన్నాడు.

కరువైపోతున్న పిట్టల జాగాలు కొని కాపాడడానికి పట్నంలో ఒక సంస్థకు డబ్బు వచ్చిందని బడిపంతులు బాలస్వామి పేపరులో చదివి చెప్పాడు. దరఖాస్తు కూడా ఆయనే రాశాడు. ఖాదర్‌బీ అడిగింది ఒక్కటే. ఆ డబ్బుతో మెహమూద్ సగం కొనండి, గడ్డిని గడ్డిగా వదిలెయ్యండి. నాకు పైసా వద్దు.

దరఖాస్తు పోయింది శ్రావణంలో, పిట్టలు ఎగురుతున్నప్పుడు. పట్నంవాళ్లు దిగింది మార్చి నెల చివరి వారంలో. డబ్బు మార్చిలోపు ఖర్చు కావాలట. వానల్లో వాళ్లకు మీటింగులట.

జీపులోంచి ముగ్గురు దిగారు. పెద్దాయన మెడలో దుర్భిణి ఒకటి, దొంగగొడ్డు మెడకు కట్టిన మొద్దులా వేలాడుతోంది. కోత అయిపోయి చేను మోడుబారి ఉంది.

"పిట్ట ఏదమ్మా?"

"వానలు పడ్డంక వస్తది సార్."

"ఇప్పుడు ఒక్కటి కూడా లేదా?"

"ఇప్పుడొచ్చి ఏం తినాలె సార్, మీ జీపునా?"

బాలస్వామి గట్టిగా దగ్గాడు. పెద్దాయన కాగితం తీశాడు. "సరే, ఈ భూమి బాగుకోసం నువ్వేం చేశావో చెప్పు."

"ఏం జెయ్యలే. దున్నలే, చెట్లు పెట్టలే, దసరా దాక కొయ్యలే."

కలం ఆగిపోయింది. ఏం చేశారన్న గడిలో ఏమీ చెయ్యలేదని రాయడానికి ఆయన చదువు ఒప్పుకోలేదు. ఖాళీగా వదిలేసి జీపెక్కాడు.

అటునుంచటే గురవయ్య పటేల్ తోటకు పోయారు. గురవయ్య తన గడ్డినేలను రెండేండ్ల కిందటే దున్ని, బోరు వేసి సుబాబుల్ చెట్లు నాటినవాడు. అక్కడి నేలనెమళ్లను వెళ్లగొట్టింది అతనే. కానీ అక్కడ నీడ ఉంది, కోడికూర ఉంది, నాలుగు మామూలు నెమళ్లు తిరుగుతున్నాయి. ఫొటోలు తీసుకున్నారు. సంస్థ డబ్బు ఆ వారమే గురవయ్యకు ముట్టింది. నెల తిరక్కముందే తోట చుట్టూ ముళ్లతీగ, ముందర గేటు, దాని మీద పక్షి సంరక్షణ స్థలమని బోర్డు. బోర్డు మీద నేలనెమలి బొమ్మ! ఎవరి ఇల్లు కూల్చామో వాళ్ల పటం గోడకు తగిలించుకునే బుద్ధి ఇది.

ఖాదర్‌బీ ఏడుస్తుందనుకున్నాను. బోర్డు ముందు కాసేపు నిలబడి, "బొమ్మ మంచిగనే ఏసిండ్రు," అని వచ్చేసింది.

మర్నాడు మెహమూద్‌ను పిలిచింది. "దుకాణం పెడ్తనంటివి గద. రోడ్డు మీది అర్ర, కొట్టం నీకిస్త. నీ రెండెకరాలు నాకు రాయి." కాంట్రాక్టరు ఇచ్చేదానికంటే అది ఎంత ఎక్కువో మెహమూద్‌కు వెంటనే తెలిసింది. ఆమె మనసు మారుతుందేమోనని ఆ వారమే కాగితాలు చేయించాడు. కాంట్రాక్టరు వేరే ఊరు చూసుకున్నాడు. ఖాదర్‌బీ గట్టు మీద గుడిసె వేసుకుంది.

"రోడ్డు మీది జాగా ఇచ్చి గడ్డి తెచ్చుకున్నవా ఏందే? బుద్ధి ఉన్నదా నీకు?" అని అరిచాను.

"గడ్డి అమ్మేదాన్ని, గడ్డే తెచ్చుకుంటి. నీకేం నష్టమక్కా?"

ఒళ్లు మండి, ఆ రోజు నుంచి పలకడం మానేశాను.

ఆషాఢంలో పిట్టలు వచ్చాయి. వాటి వెనకే జీపు. గురవయ్య తోటలో పిట్ట కనపడలేదట. డబ్బిచ్చినవాళ్లకు ఫొటో పంపాలట. ఖాదర్‌బీ కొడవలి ఒళ్లో పెట్టుకుని దారికి అడ్డంగా కూర్చుంది. పలకనని పట్టు పట్టినదాన్ని, నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఒక్కసారి లోపలికి పోయి..." అన్నాడు దుర్భిణి ఆయన.

"గుడ్లు పెట్టే కాలం సార్. మార్చిల రాండ్రి. మీకు గప్పుడే తీరిక."

ఆయన రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆమె వెనక పిట్ట ఎగిరింది. దుర్భిణి కంటికి చేర్చేలోపు గడ్డిలో పడింది. మళ్లీ ఎగిరింది. అప్పుడాయన అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆ పూట మేమిద్దరం పిట్టను చూడనే లేదు. ఆయననే చూస్తూ కూర్చున్నాం.