సాక్ష్యం చెప్పాక మానేసిన మందు

ఆ ఆదివారం ఆరాధనలో పాట మధ్యలో నా భార్య కరుణమ్మ కూర్చుండిపోయింది. జగ్గయ్యపేటలో మా సంఘంలో పాట ఎత్తేది ఆమే. రెండో చరణం అందుకుని, ఊపిరి అందక చాప మీద చతికిలబడింది. వెనక నుంచి సంఘపెద్ద గారి భార్య మార్తమ్మ గారు, "పొద్దున్నే ఏమన్నా తిని రావాలి, లేకపోతే ఇంతే" అన్నారు. కరుణమ్మ ఆ రోజు తినే వచ్చింది. ఆ మాట నేను మరిచిపోలేదు.

అప్పటికి నెల రోజులుగా సాయంత్రాలు ఆమెకు ఒళ్ళు వెచ్చబడుతోంది. దగ్గు కూడా ఉంది. నేను ఎలిమెంటరీ స్కూలు టీచరును. నా చొక్కాకు అంటిన సుద్దపొడి వల్ల దగ్గుతోందేమోనని చొక్కా వసారాలోనే విప్పి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఒక ఉదయం ఆమె ఉమ్మిలో ఎర్రటి చార కనబడింది. ఆ రోజే నందిగామ బస్సు ఎక్కించాను.

డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఎక్స్-రే కోసం బెజవాడ పంపించారు. కఫం పరీక్ష చేయించారు. వారం తరవాత ఫిల్ము కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించారు.

"రైట్ లంగ్ పైభాగంలో ప్యాచ్ ఉంది మాస్టారూ. స్పూటమ్ పాజిటివ్. టీబీ."

"బతుకుద్దా అండీ?"

"మందు వేసుకుంటే బతుకుతుంది. ఏడాదిన్నర. ఒక్క రోజు కూడా తప్పకూడదు."

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మూడు నెలలు. ఐఎన్‌హెచ్ మాత్రలు, పాస్ అనే పొడి మందు పొట్లాలు మాత్రం చివరిదాకా. ఆ పాస్ వేసుకుంటే ఆమెకు కడుపులో తిప్పేది. మా నాలుగేళ్ళ పాపను ముక్త్యాలలో అమ్మమ్మ దగ్గరికి పంపించాం. స్కూల్లో హెడ్మాస్టరు గారు నా కుర్చీని కిటికీ పక్కకు జరిపించారు. కారణం చెప్పలేదు. నేను అడగనూ లేదు, మరిచిపోనూ లేదు.

వంట నా మీద పడింది. మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం అవి కానుకగా గుడికి తెస్తారు. మగవాళ్ళకు ఆ పనితో సంబంధం ఉండదు. నాకైతే దేవుడితోనే పెద్దగా సంబంధం లేదు. మా నాన్న వెళ్ళాడు గనక నేనూ గుడికి వెళ్ళేవాణ్ణి. కరుణమ్మ మాత్రం మంచం మీద నుంచి రోజూ అడిగేది.

"తీసిపెట్టారా?"

"వేశాలే."

"మీ గుప్పెడు పెద్దది, నిండుగా వెయ్యండి. అడుగున చెయ్యి ఆడించి రావడం కాదు."

మొదటి ఆదివారం సంచి తీసుకెళ్తే మార్తమ్మ గారు గుమ్మంలోనే ఆపారు.

"అది బయట పెట్టండి మాస్టారూ. పిల్లలు గలోళ్ళు వస్తారు."

"బియ్యానికి దగ్గు రాదండీ."

"ఏమో, మాకేం తెలుసు? వేరే ఉంచుతాం."

కరుణమ్మకు చెప్పకూడదనుకున్నాను. నా మొహం చూసే కనిపెట్టింది, గోడ వైపు తిరిగి పడుకుంది. సంచి ఆపిన సంగతి మీద పాస్టరు అయ్యగారికి మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఆదివారం మర్నాటి నుంచే పిడికెడు బదులు రెండు పిడికిళ్ళు వేశాను. భక్తితో కాదు, పంతంతో.

అయిదో నెలకు ఆమెకు జ్వరం పోయింది, బుగ్గలు నిండాయి. అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. కరుణమ్మ నిలబడి, ప్రభువు తనను ముట్టి స్వస్థపరిచాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆ రోజు మార్తమ్మ గారు మా సంచి తన చేత్తో అందుకుని అందరి బియ్యంతో కలిపి గంపలో పోశారు. కోర్టులో దావా గెలిచినంత సంబరపడ్డాను.

రెండు నెలలు తిరక్కముందే దగ్గు మళ్ళీ మొదలైంది. దుప్పటి కోసం ట్రంకుపెట్టె తెరిస్తే చీరల అడుగున విప్పని పాస్ పొట్లాలు, మాత్రల సీసా కనబడ్డాయి.

"ఏంటివి?"

"అందరి ముందూ స్వస్థపడ్డానని చెప్పాగా. మళ్ళీ మందు మింగితే దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదూ?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు ఊరంతా వినేటట్టు అరుస్తారు. మళ్ళీ మన బియ్యం బయట పెట్టమంటారు."

ఎవరి మీద కోపపడాలో నాకు తెలియలేదు. సాక్ష్యం చెప్పమన్న అయ్యగారి మీదా? సంచి ఆపిన మార్తమ్మ గారి మీదా? దేవుడి మీదా? సంచి గంపలోకి వెళ్ళిందని మురిసిపోయి, మాత్రలు లెక్క చూడని నా మీదా?

రెండో ఫిల్ములో మచ్చ పెరిగింది. మళ్ళీ పాజిటివ్. డాక్టరు గారు కరుణమ్మ చెప్పిందంతా విని, "అమ్మా, నేనూ రోజూ దణ్ణం పెట్టుకునే ఆస్పత్రికి వస్తాను. దణ్ణం పెట్టుకున్నానని పేషెంట్లను చూడటం మానేస్తానా?" అన్నారు. నన్ను బయటికి పిలిచి, "మధ్యలో మానేస్తే ఒక్కోసారి జబ్బు మందుకు లొంగదు. ఈసారి ఏమవుతుందో చెప్పలేను" అన్నారు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ నేనే లేచాను. "మా ఆవిడకు జబ్బు తిరగబెట్టింది. మందు వేసుకుంటోంది, ఏడాదిన్నర వేసుకుంటుంది. బియ్యం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. తేవడం మాత్రం మానను" అని కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. మార్తమ్మ గారు, "బయటే పెట్టండి" అన్నారు.

వేరే ఉంచిన బియ్యం మార్తమ్మ గారి కోళ్ళకు పోతున్నాయని నా అనుమానం. తేల్చుకుందామని నేరుగా అయ్యగారింటికి వెళ్ళాను. అయ్యగారి భార్య పొయ్యి దగ్గర ఉన్నారు.

"కోళ్ళకా? ఎవరన్నారు? మొదటి నుంచీ ఆ బియ్యం మేమే వండుకుంటున్నాం మాస్టారూ. మీ ఇంటివని చెప్పకుండానే తెలిసిపోద్ది. మీరు రాళ్ళు ఏరరు. అయ్యగారికి ఒక పన్ను కదిలింది."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"మీ ఉత్తరాలు చదివాక మీతో మాట్లాడాలంటే ఆయనకు భయం."

పోట్లాడటానికి వెళ్ళినవాణ్ణి, అయ్యగారి పన్ను ఎలా ఉందో అడిగి ఇంటికొచ్చాను.

మర్నాటి నుంచి స్కూలుకు వెళ్ళే ముందు కరుణమ్మ మంచం పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరేవాణ్ణి. ఏరడం అయ్యాక పిడికెడు తీసిపెట్టి, ఆమెకు మాత్ర ఇచ్చేవాణ్ణి. ప్రార్థన చేయడం నాకు రాదు. కాని రాయి కోసం వెతుకుతూ, ఈమెను ఉంచు, ఈమెను ఉంచు అని లోపల అనుకుంటున్నట్టు ఒక రోజు గమనించాను. ఎప్పటి నుంచి అంటున్నానో తెలియదు. దీన్ని విశ్వాసం అంటారా అని అయ్యగారిని అడిగితే, "అది మీకే తెలియాలి" అన్నారు. అదీ ఒక జవాబేనా?

మందుకు జబ్బు లొంగింది. మళ్ళీ మొదలుపెట్టిన పందొమ్మిదో నెలలో స్పూటమ్ నెగటివ్ అన్నారు. పాప తిరిగొచ్చింది. మొదటి వారం తల్లిని అత్తా అని పిలిచింది. ఇది జరిగి ఏడేళ్ళయింది. కరుణమ్మ ఇప్పుడు ఒక్క చరణమే పాడుతుంది, మిగతాది పక్కవాళ్ళు అందుకుంటారు. బియ్యం ఏరడం ఇప్పటికీ నా పనే. మార్తమ్మ గారిని నేను క్షమించలేదు. గుడిలో అందరం కలిసి చెప్పే ప్రార్థనలో క్షమించే మాట వచ్చినచోట నోరు మూసుకుంటాను. దేవుడికి ఇది తెలుసు.

ఈ జబ్బు ఉన్న ఇంటివాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఒళ్ళు తేలికపడిందని, ప్రార్థన ఫలించిందని, డాక్టరు చెప్పకుండా మందు ఆపవద్దు. మాత్ర చేతికిచ్చి వెళ్ళిపోకండి. మింగి, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించేదాకా ఎదురుగా కూర్చోండి. అలా కూర్చున్నందుకు నా భార్య నన్ను జైలు వార్డరు అనేది. ఇప్పటికీ అంటుంది. అననివ్వండి.